తా పట్టిన బేస్‌లైన్

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటికి సాకు దొరకదు. ఈ ఒక్కదానికి మాత్రం పాఠ్యపుస్తకాల మద్దతుంది. అందుకే చాలాకాలం బయటపడలేదు. బాంబ్ కెలోరీమీటర్ రీడింగులకు బేస్‌లైన్ సవరణ చేసే పద్ధతులు నాకు నాలుగైదు తెలుసు. ఏది ఎప్పుడు పనికొస్తుందో కూడా తెలుసు. తెలిసి ఉండీ, ఒక పద్ధతిలో లెక్క వేసి, జవాబు నచ్చకపోతే ఇంకో పద్ధతికి మారేవాణ్ణి. ఎవరైనా అడిగితే ఆ రెండో పద్ధతి ఎందుకు సరైనదో అరగంట చెప్పగలను. ఎవరూ అడగలేదు. చదవేస్తే ఉన్న మతి పోవడం అంటే ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది.

మాది బొగ్గు పరీక్షించే లాబ్, కొత్తగూడెం వైపు. పేరు చెప్పను. తప్పు లాబ్‌ది కాదు, నాది. వ్యాగన్లలోంచి తీసిన శాంపిల్‌ను 212 మైక్రాన్ల జల్లెడ దిగేంత మెత్తగా నూరి, పొట్లాలు కట్టి, నంబర్లు వేసి మా బల్ల మీద పెడతారు. అందులోంచి ఒక గ్రాము కాల్చి, అది ఎంత వేడి ఇస్తుందో చెప్పాలి. ఆ అంకెనే జి.సి.వి. అంటాం. మన దేశంలో 2012 నుంచి కోకింగ్ రకం కాని బొగ్గు గ్రేడు దీన్ని బట్టే. జి-1 నుంచి జి-17 వరకు 300 కిలోకాలరీలకు ఒక మెట్టు చొప్పున దిగుతుంది. కిలోకు 4301 నుంచి 4600 వరకు జి-10. 4300, ఆ కిందిది జి-11. ధర గ్రేడును పట్టుకుని నడుస్తుంది కాబట్టి 4300కీ 4301కీ మధ్య ఉన్న ఒక్క కిలోకాలరీ కోసం రెండు వైపులా మనుషులు కాచుకుని ఉంటారు.

ఆ ఒక్క కిలోకాలరీ మా యంత్రంలో ఎంతో చెబితే నవ్వుతారు. మా కెలోరీమీటర్ మొత్తాన్ని, అంటే రెండు లీటర్ల నీళ్లు, స్టీలు బకెట్టు, బాంబు అని పిలిచే బొగ్గు కాల్చే మూత పాత్ర, అన్నీ కలిపి ఒక డిగ్రీ వేడెక్కించాలంటే సుమారు 2420 కాలరీలు కావాలి. 4300 రకం బొగ్గు ఒక గ్రాము కాలిస్తే నీళ్లు 1.78 డిగ్రీలు వేడెక్కుతాయి. ఒక గ్రేడు మెట్టు మొత్తం డిగ్రీలో ఎనిమిదో వంతు. థర్మామీటర్ మీద 0.004 డిగ్రీ అటూ ఇటూ అయితే పది కిలోకాలరీలు చేతులు మారతాయి. 0.004 డిగ్రీ ఎంతంటే, లాబ్ తలుపు తీసి ఎవరైనా టీ తెచ్చి ఇచ్చి, కాసేపు మాట్లాడి, మళ్లీ తలుపు వేసి వెళ్లేలోగా పోయేంత.

అందుకే బేస్‌లైన్. బొగ్గు పొడిని బిళ్లగా నొక్కిన పెల్లెట్‌ను క్రూసిబుల్‌లో పెట్టి, నైక్రోమ్ వైరుకు నూలు దారం కట్టి ఆ దారం కొస బొగ్గును తాకేలా వంచి, బాంబు అడుగున ఒక మిల్లీలీటరు నీళ్లు పోసి, మూత బిగించి, ఆక్సిజన్ 30 అట్మాస్ఫియర్ల దాకా నింపుతాం. దాన్ని బకెట్టులో దింపి, బుడగలు వస్తున్నాయేమో ఒక నిమిషం చూస్తాం. రాకపోతే పైమూత వేసి స్టిర్రర్ ఆన్ చేస్తాం. అక్కడి నుంచి అయిదు నిమిషాలు ఏమీ చేయకూడదు. నిమిషానికోసారి రీడింగ్ రాసుకోవడమే. ఆ తర్వాత ఫైర్ బటన్. లోపల బొగ్గు భగ్గుమంటుంది గానీ బయటికి చప్పుడు రాదు. అంకెలు మాత్రం పరుగెత్తుతాయి. ఆరేడు నిమిషాలకు పరుగు ఆగుతుంది. అక్కడా మళ్లీ ఊరికే కూర్చుని రీడింగులు రాసుకోవాలి. ఈ ముందూ వెనకా ఊరికే కూర్చున్న నిమిషాలే బేస్‌లైన్. బొగ్గు కాలకపోయి ఉంటే నీళ్ల ఉష్ణోగ్రత ఎలా నడిచేదో చెప్పేవి అవే.

ఎందుకు నడవాలి అంటే రెండు కారణాలు. బకెట్టు చుట్టూ ఉన్న జాకెట్ ఒక ఉష్ణోగ్రతలో ఉంటుంది, నీళ్లు ఇంకో ఉష్ణోగ్రతలో ఉంటాయి. తేడా ఎంత ఉంటే అంత వేగంగా వేడి అటో ఇటో కారుతుంది. రెండోది స్టిర్రర్. అది నీళ్లను కలిపేకొద్దీ కొంచెం కొంచెం వేడెక్కిస్తూనే ఉంటుంది. అంటే ముందు అయిదు నిమిషాల్లో గీత మెల్లగా ఎక్కుతూ ఉంటుంది, కాలాక దిగుతూ ఉంటుంది. ఎక్కేదాన్ని, దిగేదాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలింది బొగ్గుది. చెప్పడానికి ఇంతే.

పాత నోటుబుక్కులోంచి ఒక శాంపిల్ చూపిస్తాను. నా తెలివి మొత్తం అందులోనే ఉంది. ముందు రీడింగులు: 28.420, 28.422, 28.424, 28.426, 28.428. ఫైర్ నొక్కేటప్పటికి 28.430. నిమిషానికి 0.002 చొప్పున నిటారైన సైనికుడు నడిచినట్టు నడిచింది. పన్నెండో నిమిషానికి 30.203 దగ్గర ఆగి, అక్కడి నుంచి నిమిషానికి 0.0016 చొప్పున దిగడం మొదలుపెట్టింది. పై అంకెలోంచి కింది అంకె తీసేస్తే 1.773. దాన్ని 2420తో హెచ్చవేస్తే 4291. వైరు, ఆమ్లాల తీసివేతలు, తేమ లెక్క పక్కన పెట్టండి. జి-11.

సవరణ అక్కర్లేదని ఆ రోజు నేను అనుకున్నాను. దానికి నా దగ్గర పెద్ద పేరు కూడా ఉంది. కౌంట్ రంఫోర్డ్ చెప్పిన ఉపాయం ఒకటుంది: నీళ్లను గది ఉష్ణోగ్రత కంటే ఎంత కింద మొదలుపెడితే అంత పైన ముగిసేలా చూసుకో, మొదట లోపలికి వచ్చిన వేడీ చివర్లో బయటికి పోయిన వేడీ చెల్లుకు చెల్లు. వినడానికి ఎంత బాగుందో! అందుకే నీళ్లు బకెట్టులో పోసే ముందు ఫ్రిజ్ నీళ్లు కొంచెం కలిపి, సరిగ్గా మధ్యలో గది ఉష్ణోగ్రత పడేలా ఏర్పాటు చేసుకుని, మిగతావాళ్లు కాయితాలు నింపుతుంటే వాళ్లను చూసి జాలి పడేవాణ్ణి.

చెల్లుకు చెల్లు కాదు. ఎందుకు కాదో తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు, గడియారం చూస్తే చాలు. బొగ్గు ఒక్కసారిగా కాలుతుంది. నీళ్లు కింద ఉన్న నిమిషాలు ఒకటో ఒకటిన్నరో. తర్వాత పైకి పోయి అక్కడే కూర్చుంటాయి, పన్నెండో నిమిషం దాకా. లోపలికి వేడి వచ్చింది నిమిషం పైచిలుకు, బయటికి పోయింది ఆరు నిమిషాలు. వేగాలు సమానమైనా కాలాలు సమానం కావు. నిదానంగా వేడెక్కే ప్రయోగానికి రంఫోర్డ్ ఉపాయం ఎంతో కొంత పనిచేస్తుంది, బాంబుకు చేయదు.

1915లో అమెరికా బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో డికిన్సన్ అనే ఆయన దీనికి తేలిక దారి చూపించాడు. నిజానికి ఉష్ణోగ్రత వంపు తిరుగుతూ పెరుగుతుంది. దాని బదులు ఒకే క్షణంలో నిలువుగా ఎగిరిందని అనుకుందాం. ఆ క్షణాన్ని సరైన చోట పెడితే వేడి లెక్క రెండింటికీ ఒకటే అవుతుంది. బాంబులో ఆ క్షణం ఎక్కడంటే, మొత్తం పెరుగుదలలో 60 శాతం పూర్తయిన చోట. పెరుగుదల ఎక్స్‌పొనెన్షియల్‌గా ఉంటే గణితం 63 అంటుంది. బాంబు బదులు కరెంటు కాయిల్‌తో ఒకే వేగంతో వేడెక్కిస్తే గీత తిన్నగా ఎక్కుతుంది కాబట్టి ఆ క్షణం సరిగ్గా సగంలో వస్తుంది. ఆ క్షణం వరకు ముందు గీతను పొడిగించు, అక్కడి నుంచి వెనక గీతను పొడిగించు, మధ్య ఎత్తే నీ జవాబు.

పై శాంపిల్‌కే అది చేసి చూద్దాం. 60 శాతం ఫైర్ చేసిన 1.2 నిమిషాలకు వచ్చింది. ముందు గీత 1.2 నిమిషాలు, 0.0024 డిగ్రీ తీసేయాలి. వెనక గీత 5.8 నిమిషాలు, 0.0093 కలపాలి. నికరంగా 0.0069 కలిసింది. 1.773 కాస్తా 1.780 అయింది. 2420తో హెచ్చవేస్తే 4308. జి-10!

ఈ పదిహేడు కిలోకాలరీలు నాకు మొదటిసారి కనిపించినప్పుడు సిగ్గుపడాల్సింది. సంబరపడ్డాను. నా చేతిలో ఒక మీట దొరికిందని తెలిసింది.

లంచం కోసమో, ఒక పార్టీకి మేలు చేయడానికో కాదు. అదైతే కనీసం అర్థమయ్యే తప్పు. నా ఆశ చాలా చిన్నది, ఇంకా చెప్పాలంటే మంచి ఆశ: నా జంట ఫలితాలు కలవాలి. ప్రతి శాంపిల్‌నూ రెండుసార్లు కాలుస్తాం. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 1928 ప్రకారం ఒకే మనిషి ఒకే యంత్రం మీద చేసిన రెండు ఫలితాల మధ్య తేడా గ్రాముకు 120 జౌళ్లు దాటకూడదు. అంటే సుమారు 29 కిలోకాలరీలు. దాటితే మళ్లీ కాల్చాలి. బాంబు కడగాలి, ఆరబెట్టాలి, పెల్లెట్ చేయాలి, నీళ్లు తూచాలి, గంట పోతుంది. దానికంటే పెద్ద బాధ, ‘ఈయన చేతివి కలవవు’ అనిపించుకోవడం. లాబ్‌లో కెమిస్టు పరువు జంటల్లో ఉంటుంది.

మొదటి పెల్లెట్ 4308, రెండోది 4262 వచ్చిందనుకోండి. తేడా 46. అప్పుడు రెండోదాని నోటు ముందు పెట్టుకుని ఆలోచనలో పడేవాణ్ణి. కాలాక వచ్చిన రీడింగులు చూస్తే పన్నెండు, పదమూడు, పద్నాలుగు నిమిషాల్లో అంకెలు కొంచెం ఊగుతున్నాయి. ఇవి ఇంకా కుదురుకోలేదు కదా, వీటిని వదిలేసి పదిహేను నుంచి లెక్కిద్దాం అనుకునేవాణ్ణి. నిజమే, కుదురుకోని రీడింగులు వదిలేయమనే పుస్తకం చెబుతుంది. పదిహేను నుంచి లెక్కిస్తే వెనక గీత ఇంకొంచెం వాలుగా వచ్చేది, అది వెనక్కి పొడిగిస్తే కొంచెం పైకి పోయేది, 4262 కాస్తా 4281 అయ్యేది. తేడా 27. సంతకం.

అదే మొదటి పెల్లెట్‌లోనూ పద్నాలుగో నిమిషం ఊగి ఉండొచ్చు. దాన్ని తిరిగి చూసేవాణ్ణి కాదు. అది కలిసింది కదా!

కిరాణా కొట్టులో డబ్బాలో నెయ్యి పోయించుకునేటప్పుడు ఖాళీ డబ్బా తూకం ముందే వేస్తారు. నెయ్యి పోసి, కాటా చూసి, ధర గుణించాక, అప్పుడు డబ్బా ఎంత బరువుంటుందో నిర్ణయించే వ్యాపారి దగ్గర మనం ఒక్క గరిటె కూడా కొనం. నేను చేసింది అదే. కాకపోతే నా డబ్బా బరువుకు ప్రతిసారీ ఒక శాస్త్రీయ కారణం ఉండేది.

కారణాలకు కరువా? తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడు కనీసం ఆ మూడు దగ్గరే నిలబడతాడు. నా కుందేలుకు ఒకరోజు మూడు, ఒకరోజు అయిదు. ఒకరోజు డికిన్సన్. ఒకరోజు ‘ఈ బొగ్గులో బూడిద ఎక్కువ, నిదానంగా కాలింది, అందుకని 60 కాదు 50 దగ్గర’. ఇంకోరోజు ‘ముందు రీడింగుల్లో మొదటి రెండూ స్టిర్రర్ పెట్టిన వెంటనే తీసినవి, చివరి మూడే నమ్మకమైనవి’. థర్మామీటర్ 0.001 వరకే చూపిస్తున్నప్పుడు మూడు అంకెల మీద గీసిన గీత వాలు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. అది నాకు తెలియక కాదు.

అన్నిటికంటే చెత్త పని ఎక్సెల్‌తో చేశాను. వెనక రీడింగులకు తిన్న గీత సరిపోవడం లేదని క్యూబిక్ ట్రెండ్‌లైన్ వేశాను. అది అన్ని చుక్కల మీదుగా ఒయ్యారంగా పోయింది. ఆర్-స్క్వేర్డ్ 0.998. ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను కూడా. ఆ వంపును వెనక్కి, ఫైర్ చేసిన వైపు పొడిగిస్తే అది ఎక్కడికి పోవాలో దానికే తెలియదు. నాకు మాత్రం జవాబు కలిసింది.

ఆ వంపు గురించి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. మా కెలోరీమీటర్ వేడి కోల్పోయే వేగం ఎంతంటే, జాకెట్‌కూ నీళ్లకూ ఒక డిగ్రీ తేడా ఉంటే నిమిషానికి 0.002 డిగ్రీ. అంటే దాని సహజమైన చల్లారే కాలం 500 నిమిషాల లెక్క. ఎనిమిది గంటలు పైనే. ఎనిమిది గంటల్లో తిరిగే వంపు పది నిమిషాల్లో కంటికి కనిపించదు. పది నిమిషాలకు అది తిన్న గీతే. కాబట్టి ఆ పది నిమిషాల్లో వంపు కనిపించిందంటే, అది వేడి కారడం వల్ల వచ్చింది కాదు. లోపల ఇంకేదో జరుగుతోంది. యంత్రం ‘నాకు ఒంట్లో బాగోలేదు’ అంటుంటే నేను దానికి క్యూబిక్ సమీకరణం రాసి ఇచ్చాను.

బయటపెట్టింది ఒక ట్రెయినీ అమ్మాయి. బి.ఎస్సీ. అయి కొత్తగా చేరింది. లెక్క నేర్చుకోమని నా పాత నోటుబుక్కులు ఇచ్చాను, అంత ధీమా. ఆ అమ్మాయికి ఒకటే పద్ధతి వచ్చు, డికిన్సన్. అన్నిటికీ అదే చేసింది. దానికి తోడు పుస్తకంలో ఉందని ఇంకో కాలమ్ కూడా వేసింది. ముందు వాలులోంచి వెనక వాలు తీసేసి, వచ్చినదాన్ని ఉష్ణోగ్రత పెరుగుదలతో భాగించడం. నా శాంపిల్‌కే చేస్తే: 0.0020లోంచి మైనస్ 0.0016 తీసేస్తే 0.0036. దాన్ని 1.78తో భాగిస్తే 0.0020. ఇది కెలోరీమీటర్ కూలింగ్ కాన్‌స్టంట్. ఇందులోని అందం ఏమిటంటే, జాకెట్ ఎంత వేడిగా ఉన్నా, ఏ బొగ్గు కాల్చినా, స్టిర్రర్ వేడి ఎంతున్నా, అది పరీక్ష మొత్తం ఒకేలా ఉన్నంతసేపు, ఈ అంకె మారకూడదు. ఇది బొగ్గుకు సంబంధించింది కాదు, బకెట్టుకు సంబంధించింది. బకెట్టు మారలేదు కదా.

‘‘సార్, ఇది ఒకచోట 0.0020 వస్తోంది, ఒకచోట 0.0024, ఇక్కడ 0.0031. నేనే ఎక్కడైనా తప్పు చేశానా?’’ అని అడిగింది.

‘‘వెనక రీడింగులు ఎక్కడి నుంచి తీసుకున్నావు?’’ అన్నాను, గొంతు తగ్గించి.

‘‘పన్నెండు నుంచి సార్. మీరు అలాగే చెప్పారు కదా.’’

అలాగే చెప్పాను. అలా చేయలేదు. నేను సంతకం పెట్టిన జంటల్లో ఆ అమ్మాయి లెక్కలో 29 దాటినవి కాయితం మీద పెన్సిల్‌తో చుట్టి ఉన్నాయి. పక్కన ఏమీ రాయలేదు. మర్యాదస్తురాలు.

అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు థర్మామీటర్ మీద పడ్డాను. పీజీలో మేము బెక్‌మన్ థర్మామీటర్‌తో చేసేవాళ్లం. పాదరసం అతుక్కుంటుందని ప్రతి రీడింగ్‌కు ముందు రబ్బరు తొడుగు ఉన్న కడ్డీతో మెల్లగా తట్టి, కటకంలోంచి చూసి రాసేవాళ్లం. ఇప్పుడు డిజిటల్. తట్టడానికి ఏమీ లేదు కాబట్టి ఇదే పాడైందని తేల్చేశాను. సెన్సార్ మార్చాలని ఇన్‌ఛార్జ్ మేడంకు చెబుదామని లేచాను కూడా.

మా లాబ్ అసిస్టెంట్ అన్న బాంబు కడుగుతున్నాడు. వయసులో నాకంటే పెద్ద, ఆ యంత్రం వచ్చిన రోజు నుంచి ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, ‘‘గది కాదు సార్. బెల్టు జారుతాంది’’ అన్నాడు.

‘‘ఏ బెల్టు అన్నా?’’

‘‘స్టిర్రర్ బెల్టు. వేడెక్కినంక జారుతది. జర సేపు మంచిగనే తిరుగుతది, మల్ల ఇగ నిదానమైతది. సప్పుడు ఇంటనే తెలుస్తది. నేను మీకు చెప్పిన గద సార్, అప్పుడే. మీరు గ్రాఫు చూసుకుంట కూసున్నరు.’’

చెప్పాడు. నాకు గుర్తుంది. ‘‘బేస్‌లైన్ కరెక్షన్‌లో అది పోతుందిలే అన్నా’’ అని సమాధానం ఇచ్చింది కూడా గుర్తుంది.

రబ్బరు బెల్టు నెర్రెలు బారి గట్టిపడి ఉంది. అది జారితే ఏమవుతుందో అన్న చెప్పాక గానీ నా బుర్రకు ఎక్కలేదు. స్టిర్రర్ వేడి వేగానికి ఘనంతో మారుతుంది. పదోవంతు నిదానిస్తే వేడి నాలుగోవంతు పైగా తగ్గుతుంది. అది పరీక్ష మధ్యలో జరిగితే ముందు గీత ఒక స్టిర్రర్‌ది, వెనక గీత ఇంకో స్టిర్రర్‌ది. అందుకే కాన్‌స్టంట్ తిరగబడింది. అది చిన్న నష్టం. పెద్దది, నీళ్లు సరిగా కలవకపోవడం. బాంబు పక్కన ఒక ఉష్ణోగ్రత, బకెట్టు అంచున ఇంకొకటి. థర్మామీటర్ తాను ఉన్న చోటు సంగతే చెబుతుంది. 0.01 డిగ్రీ తేడా అంటే 24 కిలోకాలరీలు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు నిమిషాల్లో ఊగిన అంకెలు అవే. నేను కుదురుకోలేదని పక్కన పడేసినవీ, క్యూబిక్‌తో చదును చేసినవీ అవే. జంటలు ఎందుకు కలవడం లేదో చెప్పే సాక్షులు ఆ మూడు రీడింగులే. జంటలు కలవాలని నేను మొదట నోరు మూయించిందీ వాటినే.

నాకంటే పెద్దవాళ్లు కూడా కలపని నీళ్ల దగ్గర ఇరుక్కున్నారని చదివి కొంత ఊరట పొందాను. ఊరట పొందడం తప్పో ఒప్పో మీరే చెప్పాలి. 1989 మార్చి 23న అమెరికాలోని యూటాలో పోన్స్, ఫ్లైష్‌మన్ అనే ఇద్దరు ఎలక్ట్రోకెమిస్టులు గాజు గొట్టంలో గది ఉష్ణోగ్రత దగ్గర అణు సంలీనం జరిగిందని ప్రకటించారు. ఆధారం ప్రధానంగా కెలోరీమీటర్ చూపించిన అదనపు వేడి. ప్రపంచమంతా అదే ప్రయోగం మొదలుపెట్టింది, మన ట్రాంబేలో కూడా చేశారు. మే నెల మొదట్లో బాల్టిమోర్ సభలో కాల్‌టెక్ శాస్త్రవేత్త నేథన్ లూయిస్ లేచి అడిగినవాటిలో ఒకటి ఇదే: గొట్టంలో ద్రవాన్ని కలిపారా? కలపకపోతే ఒక చోట తీసిన ఉష్ణోగ్రత మొత్తానిది ఎలా అవుతుంది? బుడగలే కలుపుతాయని వాళ్ల జవాబు. ఆ వాదం చాలా దూరం పోయింది. వాళ్ల ఆశ చాలా పెద్దది, నాది 29 కిలోకాలరీల ఆశ. పరిమాణంలో పోలిక లేదు.

బెల్టు మార్చాక ఇంకొకటి బయటపడింది. బెంజోయిక్ యాసిడ్. దాని వేడి ఖాయంగా తెలుసు, గ్రాముకు 26.4 కిలోజౌళ్లు. దాన్ని కాల్చే కదా మా 2420 తెచ్చుకునేది. ఆ కాలిబ్రేషన్ నేను ఏ పద్ధతిలో చేశానో చూద్దామని పాత షీటు తీశాను. రంఫోర్డ్ రోజుల నాటిది. సవరణ లేదు. బెంజోయిక్ యాసిడ్ నీళ్లను 2.61 డిగ్రీలు లేపుతుంది, బొగ్గు కంటే చాలా ఎక్కువ. కాబట్టి పైన కూర్చున్నప్పుడు కారే వేడీ ఎక్కువే. లెక్క వేస్తే దానికి చేయాల్సిన సవరణ 0.6 శాతం పైన. అంటే నా 2420 ఆ మేరకు లావెక్కి ఉంది. రెంటికీ సవరణ చేయకుండా వదిలేసినా కొంత చెల్లిపోయేది, పది కిలోకాలరీల తప్పు మిగిలేది. నేను యాసిడ్‌కు చేయకుండా బొగ్గుకు చేశాను. అంటే ప్రతి శాంపిల్‌కూ ఇరవై ఆరు, ఇరవై ఏడు కిలోకాలరీలు గాల్లోంచి పుట్టించాను. పైన గొప్పగా ఆశ్చర్యార్థకం పెట్టి చెప్పిన ఆ 4308, జి-10? సరైన కాలిబ్రేషన్‌తో అది 4281. జి-11. సవరణ లేకుండా, తప్పు తప్పు కలిసి, మొదట వచ్చిన 4291 కూడా గ్రేడు వరకు ఒప్పే. నేను శాస్త్రం తెలుసుకుని, సరిదిద్ది, ఒప్పును తప్పు చేశాను.

మేడం దగ్గరికి నోటుబుక్కులన్నీ పట్టుకుపోయాను. తిట్టలేదు. రిజిస్టర్ తెప్పించి, ఏయే శాంపిళ్ల సీలు పొట్లాలు ఇంకా మిగిలి ఉన్నాయో గీతలు పెట్టమన్నారు. మిగిలినవి మళ్లీ కాల్చాం. చాలావాటి గ్రేడు మారలేదు, మెట్టు 300 ఉండటం నా అదృష్టం. మారినవాటి ఉత్తరాలు ఆఫీసు రాసుకుంది. పొట్లాలు లేనివాటికి మేడం రిమార్కుల గడిలో ఒక వాక్యం రాయించారు. నా చేతే రాయించారు.

ఇప్పుడు ఫైర్ నొక్కకముందే నోటులో రాసి పెడుతున్నాం: ముందు రీడింగులు ఇన్ని, వెనక ఈ నిమిషం నుంచి ఈ నిమిషం దాకా, పద్ధతి ఇది. బెంజోయిక్ యాసిడ్‌కూ బొగ్గుకూ అదే. కూలింగ్ కాన్‌స్టంట్‌కు ప్రత్యేకంగా కాలమ్ ఉంది, దాన్ని ట్రెయినీ అమ్మాయి నింపుతుంది, నేను కాదు. అది 0.0019కీ 0.0021కీ మధ్య లేకపోతే జి.సి.వి. లెక్కే వేయం, ముందు అన్నను పిలుస్తాం. ఆయన చెవి పెట్టి విని చెబుతాడు.

ఒక్క చిక్కు మాత్రం అలాగే ఉంది. బూడిద బాగా ఎక్కువున్న బొగ్గు నిదానంగా కాలినప్పుడు 60 శాతం లెక్క నిజంగానే కొంచెం పక్కకు పోతుంది. అప్పట్లో నేను సాకుగా వాడిన మాట అబద్ధం కాదు. దానికి రెగ్నో-ఫాండ్లర్ పద్ధతి మేలు. అది 19వ శతాబ్దం నాటిదే. వంపును ఒక్క క్షణంగా అనుకోవడం మానేసి, ప్రతి రీడింగ్ దగ్గరా ఎంత వేడి కారిందో విడివిడిగా కూడుతుంది. అయితే మొదటి రెండు నిమిషాల్లో పది సెకన్లకో రీడింగ్ కావాలి, చేత్తో రాయడం అయ్యే పని కాదు. డేటా లాగర్ కోసం ఇండెంట్ పెట్టాం. సెన్సార్ పాడైందని అప్పట్లో నేను పెట్టబోయిన ఇండెంట్ సంగతి స్టోర్స్‌వాళ్లకు ఎలాగో తెలిసింది. ఇది నిజంగా కావాలా, ఇంతకుముందు బెల్టుతో పోయింది కదా అని రాతపూర్వకంగా అడిగారు. జవాబు రాస్తున్నాను.